‘ఫరెవర్’కి కరువైంది ప్రచారమా, తీరికా?

బ్రిటిష్ గాళ్ గ్రూపు స్పైస్ గర్ల్స్ ఆల్బమ్‌లు మూడూ బ్రిటన్‌లో నవంబరు మొదటి వారంలోనే వచ్చాయి. 1996 నవంబరు 4న ‘స్పైస్’, 1997 నవంబరు 3న ‘స్పైస్‌వరల్డ్’, 2000 నవంబరు 6న ‘ఫరెవర్’. మొదటి రెండు వచ్చాక నెలల తరబడి పాట వెనక పాట సింగిల్‌గా, అంటే విడిగా అమ్మే డిస్కుగా, వదులుతూనే ఉన్నారు. మూడోది కొట్లోకి వచ్చాక మాత్రం ఒక్కటంటే ఒక్క సింగిల్ రాలేదు. ఉన్న ఒక్క సింగిల్ ఆల్బమ్ కంటే రెండు వారాల ముందే వచ్చి వెళ్లిపోయింది. కచేరీల పర్యటన లేదు. ‘ఎల్లకాలం’ అని పేరు పెట్టుకున్న ఆల్బమ్ హడావుడి నెలా రెండు నెలల్లో ముగిసిపోయింది.

పాతికేళ్లు గడిచినా ఈ ఆల్బమ్ మీద అభిమానులు ఒక మాట మీదకి రాలేదు. కంపెనీ సరిగ్గా ప్రచారం చేసి ఉంటే ఇది పెద్ద హిట్టయ్యేదని కొందరు అంటారు. ఇందులో స్పైస్ గర్ల్స్ తనమే లేదు, ఎంత ప్రచారం చేసినా ఇంతే అని ఇంకొందరు. ఐదుగురిలో ఒకరైన జెరీ 1998లో వెళ్లిపోయిన రోజే కథ అయిపోయింది, ఇది అనుబంధం మాత్రమే అనేవాళ్లూ ఉన్నారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ‘ప్రచారం’ అనే ఒక్క మాట కింద చాలా వేర్వేరు సంగతులు కలిసిపోవడం వల్ల వాదన ఎక్కడ మొదలైందో మళ్లీ అక్కడికే వస్తోంది. వాటిని విడదీస్తే అసలు కొరత ఎక్కడుందో కనిపిస్తుంది. అది డబ్బు కొరత కాదు. నలుగురి క్యాలెండర్లలో గ్రూపు కోసం ఖాళీ తేదీలు లేవు.

ముందుగా ఆ రోజుల్లో బ్రిటన్‌లో ఒక పాప్ ఆల్బమ్‌ని ఎలా అమ్మేవాళ్లో చూడాలి.

అప్పటి బ్రిటిష్ చార్టు అంటే కొట్లో అమ్ముడైన కాపీల లెక్క. రేడియోలో ఎన్నిసార్లు మోగిందన్నది అందులోకి రాదు. సింగిల్ సోమవారం కొట్లోకి వస్తుంది, చార్టు ఆదివారం వెలువడుతుంది. దానికి కొన్ని వారాల ముందే పాట రేడియో స్టేషన్లకు వెళ్తుంది, వీడియో టీవీ చానళ్లకు వెళ్తుంది. జనం పాట వింటారు గానీ కొనడానికి కొట్లో దొరకదు. అలా ఊరించి ఊరించి సోమవారం వదిలితే, పోగైన ఆత్రమంతా ఆ ఒక్క వారంలో కొనుగోళ్లుగా మారుతుంది. పైగా మొదటి వారం ధర తగ్గించేవాళ్లు. ఒకే సింగిల్‌ని రెండు సీడీలుగా, ఒక క్యాసెట్‌గా, ఒక్కోదాంట్లో వేరే అదనపు పాటలతో వదిలేవాళ్లు. గట్టి అభిమాని మూడూ కొంటాడు. అందుకే పాటలు నేరుగా 1వ స్థానంలో దిగి, మరుసటి వారమే జారిపోయేవి.

2000 శరదృతువు చూడండి. అక్టోబరు నెలాఖరులో స్టెప్స్ ‘స్టాంప్’ ఒక వారం 1లో ఉంది. తర్వాతి వారం స్పైస్ గర్ల్స్ ‘హోలర్’. ఆ తర్వాత వెస్ట్‌లైఫ్ ‘మై లవ్’, ఏ1, లీఆన్ రైమ్స్, డెస్టినీస్ చైల్డ్, ఎస్ క్లబ్ 7, ఎమినెమ్... ఒక్కొక్కరికీ ఒక్కో వారం. చివరికి డిసెంబరులో పిల్లల టీవీ బొమ్మ బాబ్ ద బిల్డర్ వచ్చి ఆ కుర్చీలో కాస్త స్థిమితంగా కూర్చున్నాడు. ఆ ఒక్క ఏడాదిలో నలభైకి పైగా పాటలు 1వ స్థానం చూశాయి. కాబట్టి ‘1కి చేరిన పాటకి ప్రచారం తక్కువైందని ఎలా అంటారు?’ అనే వాదనలో పస లేదు. ఒక వారం 1లో ఉండటమంటే ఆ సోమవారానికి ముందు చేసిన పని బాగుందని అర్థం. తర్వాత ఏం చేశారో అది చెప్పదు.

తర్వాత చేయాల్సిందే అసలు పని. అప్పటి పద్ధతిలో సింగిల్ అమ్మకం ఎక్కువగా ఆల్బమ్‌కి వేసే ఎర. ఒక్క పాట నచ్చినవాడు సింగిల్ కొని ఊరుకుంటాడు. మూడు పాటలు నచ్చితే ఆల్బమ్ కొంటాడు. అందుకే మొదటి సింగిల్, ఆల్బమ్, క్రిస్మస్‌కి రెండో సింగిల్, వసంతంలో మూడోది, వేసవిలో నాలుగోది, మధ్యలో పర్యటన అనే వరుస నడిచేది. ఈ వరుసని అందరికంటే బాగా నడిపింది స్పైస్ గర్ల్సే. 1996 జులైలో ‘వానబీ’, అక్టోబరులో ‘సే యూ విల్ బీ దేర్’, నవంబరులో ఆల్బమ్, డిసెంబరులో ‘టూ బికమ్ వన్’, 1997 మార్చిలో కామిక్ రిలీఫ్ అనే సహాయ నిధి కోసం ‘మామా’, ‘హూ డూ యూ థింక్ యూ ఆర్’ జోడీ. రెండో ఆల్బమ్‌కి కూడా అదే లయ. అక్టోబరులో ‘స్పైస్ అప్ యువర్ లైఫ్’, నవంబరులో ఆల్బమ్, డిసెంబరులో ‘టూ మచ్’తో పాటు సినిమా, 1998 ఫిబ్రవరి నుంచి పర్యటన, మార్చిలో ‘స్టాప్’, వేసవిలో ‘వీవా ఫరెవర్’. మధ్యలో మే నెలాఖరున జెరీ హాలివెల్ వెళ్లిపోయినా పర్యటన ఆగలేదు, సింగిల్ ఆగలేదు.

ఇప్పుడు ‘ఫరెవర్’ వరుస: అక్టోబరు 23న ‘హోలర్’, ‘లెట్ లవ్ లీడ్ ద వే’ జోడీ సింగిల్. నవంబరు 6న ఆల్బమ్. అంతే.

ఆ ఖాళీ నెలల్లో ఏం జరిగింది?

‘కంపెనీ వదిలేసింది’ అనే మాట ఇక్కడే కాస్త తడబడుతుంది. గ్రూపు పాటలు విడుదల చేసే కంపెనీ వర్జిన్ రికార్డ్స్ ఈ ఆల్బమ్ మీద పిసినారితనం చూపిందనడానికి ఆధారం తక్కువ. పదకొండు పాటల్లో ఎనిమిది అమెరికన్ సంగీత నిర్మాత రాడ్నీ జెర్కిన్స్ చేసినవి. బ్రాండీ, మోనికాల ‘ద బాయ్ ఈజ్ మైన్’, డెస్టినీస్ చైల్డ్ ‘సే మై నేమ్’ అతని చేతి పనే. అప్పట్లో అమెరికాలో అతనికంటే గిరాకీ ఉన్నవాళ్లు తక్కువ. రెండు పాటలు జిమ్మీ జామ్, టెరీ లూయిస్‌లవి, అంటే జానెట్ జాక్సన్ పాటల వెనక ఉన్న జంట. ఇలాంటివాళ్లు చవగ్గా దొరకరు. జోడీ సింగిల్‌లోని రెండు పాటలకీ విడివిడిగా వీడియోలు తీశారు. ‘టెల్ మీ వై’ని క్లబ్ డీజేల కోసం జోనథన్ పీటర్స్‌తో రీమిక్స్ చేయించి ప్రోమోలు కూడా పంపారు. రెండో సింగిల్ గురించి ఎవరూ ఆలోచించకపోతే ఇంత దూరం రారు.

మరి గ్రూపులో మిగిలిన నలుగురు – మెల్ సీ, విక్టోరియా, ఎమా, మెల్ బీ – వైపు చూస్తే లెక్క వేరేలా ఉంటుంది. మెల్ సీ సోలో ఆల్బమ్ ‘నార్తర్న్ స్టార్’ 1999 అక్టోబరులో వచ్చింది. 2000లో దానినుంచి ‘నెవర్ బీ ద సేమ్ అగైన్’, ‘ఐ టర్న్ టు యూ’ రెండూ 1వ స్థానానికి వెళ్లాయి. దాంట్లోదే ‘ఇఫ్ దట్ వర్ మీ’ అనే ఇంకో సింగిల్ ‘ఫరెవర్’ విడుదలైన మూడు వారాలకు, నవంబరు చివర, వచ్చి 18 దగ్గర ఆగింది. అంటే గ్రూపు క్రిస్మస్ సింగిల్ రావాల్సిన చోట గ్రూపు సభ్యురాలి సోలో సింగిల్ వచ్చింది. విక్టోరియా 2000 ఆగస్టులో ట్రూ స్టెపర్స్, డేన్ బవర్స్‌తో చేసిన ‘ఔట్ ఆఫ్ యువర్ మైండ్’ని 2వ స్థానం దాకా తీసుకెళ్లింది. ఎమా ఆల్బమ్ 2001 ఏప్రిల్‌కి సిద్ధమవుతోంది. దాని మొదటి సింగిల్ ‘వాట్ టుక్ యూ సో లాంగ్?’ 1కి వెళ్లింది.

అన్నింటికంటే చిత్రం మెల్ బీ సంగతి. ఆమె సోలో ఆల్బమ్ ‘హాట్’ 2000 అక్టోబరు 9న, అంటే ‘ఫరెవర్’కి సరిగ్గా నాలుగు వారాల ముందు వచ్చింది. అందులో ‘టెల్ మీ’ రాడ్నీ జెర్కిన్స్‌ది. ‘ఫీల్స్ సో గుడ్’ జిమ్మీ జామ్, టెరీ లూయిస్‌లది. గ్రూపు ఆల్బమ్‌కి పనిచేసిన ఆ చేతులే, అదే ధోరణి పాటలతో, ఒక సభ్యురాలి సోలో ఆల్బమ్‌ని నెల ముందు కొట్లో పెట్టాయి. ఆ ‘ఫీల్స్ సో గుడ్’ సింగిల్‌గా వచ్చింది 2001 ఫిబ్రవరిలో. ‘ఫరెవర్’ నుంచి ఇంకో సింగిల్ రావాల్సిన నెల అది! పక్కింటివాడు కాదు, సొంతింటివాళ్లే ఎదురుకొట్టు పెట్టినట్టయింది.

ఈ తేదీలన్నీ ఒక వరుసలో పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. ప్రచారం సగంలో ఆగిపోయిందనే ఫిర్యాదు నిజమే. కానీ ఆల్బమ్ సరిగ్గా అమ్మలేదు కాబట్టి ఆపేశారన్న క్రమం తప్పు. 2001 ఏడాదిని గ్రూపు కోసం ఎవరూ ఖాళీగా ఉంచుకోలేదు. సోలో సింగిల్‌కీ కొన్ని వారాల ముందు రేడియో, వీడియో, టీవీ తేదీలు ఖరారు చేసుకోవాలి. ఏప్రిల్లో సోలో ఆల్బమ్ రావాలంటే ఆ పనులు నవంబరుకే నడుస్తుండాలి. కాబట్టి నవంబరు 6 నాటికే ‘ఫరెవర్’ రెండో అంకానికి చోటు లేదు. డిసెంబరులో, విడిపోవడం లేదంటూనే, నిరవధిక విరామం మాట బయటికొచ్చింది. అప్పటికే తీసేసుకున్న నిర్ణయానికి అది పేరు పెట్టడం మాత్రమే అనిపిస్తుంది.

ఇంకో చిన్న సంగతి. 2000 మార్చిలో బ్రిట్ అవార్డుల వేడుకలో వాళ్లకి సంగీత రంగానికి చేసిన సేవకి పురస్కారం ఇచ్చారు. ఆ రాత్రే వేదిక మీద ‘హోలర్’ పాడారు. దేశమంతా చూసింది. ఆ పాట కొట్లోకి వచ్చింది అక్టోబరు చివర్లో. మార్చిలో వాసన చూపించి అక్టోబరులో వడ్డిస్తే ఆకలి అలాగే ఉంటుందా?

జోడీ సింగిల్ అనే పొరపాటు

ఒకే సింగిల్‌లో రెండు పాటలనీ ముఖ్యమైనవిగా ప్రకటించడాన్ని డబుల్ ఏ-సైడ్ అంటారు. అమ్మకం లెక్కలో అది ఒకటే వస్తువు. ఒకరికి డాన్స్ పాట కావాలి, ఇంకొకరికి నెమ్మది పాట కావాలి, ఇద్దరూ అదే డిస్కు కొంటారు, రెండు గుంపుల అమ్మకాలూ ఒకే ఖాతాలో పడతాయి. 1 గ్యారంటీగా కావాలనుకున్నప్పుడు ఇంతకంటే మంచి ఉపాయం లేదు. వాళ్లు అనుకున్నదే జరిగింది. తొమ్మిదో నంబర్ వన్ దక్కింది.

నష్టం తర్వాత తెలుస్తుంది. ఒక్కో స్టేషన్ ఒక్కో పాట వైపు మొగ్గితే రెండింట్లో ఏదీ పూర్తిగా జనం నోట నానదు. రెండు వీడియోల ఖర్చు ఒకే వారంలో కరిగిపోతుంది. ముఖ్యంగా, డిసెంబరు కోసం దాచుకోవాల్సిన నెమ్మది పాట చేజారిపోతుంది. 1996, 97, 98 వరసగా మూడు క్రిస్మస్‌లకీ 1వ స్థానం ఈ గ్రూపుదే. ఆ మూడూ నెమ్మది పాటలే: ‘టూ బికమ్ వన్’, ‘టూ మచ్’, ‘గుడ్‌బై’. ‘ఫరెవర్’లో ఆ కోవకి అచ్చంగా సరిపోయే పాట ‘లెట్ లవ్ లీడ్ ద వే’. దాన్ని అక్టోబరులోనే ‘హోలర్’ పక్కన కట్టేసి పంపేశారు. ‘మామా’ జోడీ కూడా అంతే కదా అని ఎవరైనా అడగొచ్చు. అప్పటికి ఆ ఆల్బమ్ వచ్చి నాలుగు నెలలైంది, మూడు సింగిల్స్ విడివిడిగా అమ్మేశారు, పైగా అది సహాయ నిధి కోసం చేసింది. తొలి అడుగులోనే జోడీ వేయడం వేరు. అభిమానుల్లో ‘లెట్ లవ్’ వృథా అయిందని బాధపడేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

ఇక నవంబరు 6 అనే తేదీ సంగతి. అదే రోజు వెస్ట్‌లైఫ్ ‘కోస్ట్ టు కోస్ట్’ వచ్చింది. పత్రికలు దీన్ని గాళ్ గ్రూపుకీ బాయ్ గ్రూపుకీ పోటీగా రాశాయి. వెస్ట్‌లైఫ్ 1, స్పైస్ గర్ల్స్ 2. రెండో స్థానం మామూలుగా అయితే చెడ్డది కాదు. కానీ పోటీ అని ప్రకటించాక 2 అంటే ఓటమే. ముందు రెండు ఆల్బమ్‌లూ 1కి చేరినవాళ్లకి అది తొలి వారంలోనే తగిలిన దెబ్బ. వారం ముందో వెనకో జరిగి ఉంటే ఈ కథనం ఉండేది కాదు. అమ్మకాలు ఎంత మారేవన్నది వేరే మాట, శీర్షికలు మాత్రం మారేవి.

గొంతులు కలిసిపోతే

ఇక రెండో వర్గం మాటకొద్దాం. ఈ ఆల్బమ్‌లో స్పైస్ గర్ల్స్ తనం లేదనేది వాళ్ల ఫిర్యాదు. ఆర్ అండ్ బీ (అమెరికా నల్లజాతి పాప్ సంగీత ధోరణి) వైపు మొగ్గడమే తప్పు అనేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. ‘సే యూ విల్ బీ దేర్’లో ఆ ఛాయ మొదటినుంచీ ఉంది. మెల్ బీకి 1998లో మిస్సీ ఎలియట్‌తో చేసిన ‘ఐ వాంట్ యూ బ్యాక్’ 1 తెచ్చిపెట్టింది. మెల్ సీ ‘నెవర్ బీ ద సేమ్ అగైన్’లో అమెరికన్ గాళ్ గ్రూపు టీఎల్‌సీకి చెందిన లెఫ్ట్ ఐ పాడింది. ఆ రుచి బ్రిటిష్ శ్రోతకి కొత్తకాదు. తేడా ఎక్కడొచ్చిందంటే గొంతుల అమరికలో.

పాత పాటల్లో ఒక్కో వరుస ఒక్కరిది. 1996లో ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ పత్రిక పెట్టిన ముద్దుపేర్లు – స్కేరీ, స్పోర్టీ, బేబీ, జింజర్, పోష్ – బట్టల్లోనే కాదు గొంతుల్లోనూ కనిపించేవి. కళ్లు మూసుకుని విన్నా ఇది ఎమా, ఇది మెల్ బీ అని చెప్పేయొచ్చు. ఒకరి మాటని ఇంకొకరు అందుకోవడం, మధ్యలో అరవడం, నవ్వడం అంతా పాటలో భాగమే. జెర్కిన్స్ పద్ధతి దీనికి ఎదురు. డ్రమ్ములు తిన్నగా నడవవు. ఆగి, ఎగిరి, మళ్లీ అందుకుంటాయి. పాట వరస కూడా ఆ డ్రమ్ముల్లాగే చిన్నచిన్న ముక్కలుగా పడుతుంది. కోరస్‌లో ఒకే గొంతుని పదేపదే రికార్డు చేసి పొరలుగా పేరుస్తారు. ఆ పొరలు ఎంత నున్నగా కలిస్తే అంత అందం. డెస్టినీస్ చైల్డ్‌లో ఒక ముఖ్య గాయని చుట్టూ మిగతావాళ్లు ఒదిగిపోయే అమరికకి ఇది చక్కగా నప్పుతుంది. నలుగురూ నాలుగు పాత్రలైన గ్రూపుకి మాత్రం ముఖాలు చెరిపేసినట్టవుతుంది. ‘గెట్ డౌన్ విత్ మీ’, ‘వేస్టింగ్ మై టైమ్’ బాగా చేసిన పాటలే. కానీ వేరే గ్రూపు పేరు వేసి వినిపిస్తే చాలామంది నమ్మేస్తారు. ‘చెడ్డ ఆల్బమ్ కాదు, మా ఆల్బమ్ కాదు’ అని అభిమానులు అనేది దీన్నే.

ఈ తేడా ఒకే పాటలో వినాలంటే ‘రైట్ బ్యాక్ ఎట్ యా’ దగ్గర ఆగాలి. 1999లో గ్రూపు మళ్లీ స్టూడియోలోకి వెళ్లినప్పుడు ఎలియట్ కెనడీతో పనిచేసింది. ‘సే యూ విల్ బీ దేర్’లో పాలుపంచుకున్న షెఫీల్డ్ మనిషి అతను. ఆ ఏడాది డిసెంబరులో మాంచెస్టర్‌లో, లండన్ ఎర్ల్స్ కోర్టులో జరిగిన క్రిస్మస్ కచేరీల్లో ఈ పాట పాడారు. మేము తిరిగొచ్చాం, కాచుకోండి అనే సవాలు దాని సారం. ఆ రూపంలో పాటకి పరుగుంది, జనంతో కలిసి అరవడానికి వీలైన కోరస్ ఉంది. తర్వాత జెర్కిన్స్ వచ్చాక అదే పాటని ఆల్బమ్ కోసం తిరిగి కట్టారు. మాట అదే, సవాలు అదే. కానీ లయ నెమ్మదించింది, అంచులు నునుపెక్కాయి. సవాలు విసిరేవాడు కుర్చీలో వెనక్కి వాలి మాట్లాడినట్టుంటుంది. ఆ కచేరీల్లోనే పాడిన ‘డబ్ల్యూ.ఓ.ఎం.ఏ.ఎన్.’ అయితే ఆల్బమ్‌లోకే రాలేదు. కచేరీ రికార్డింగు విన్నవాళ్లు కెనడీ పాటలతో ఇంకో ‘ఫరెవర్’ ఉండేదని ఊహించుకోవడంలో వింత లేదు. అయితే ఒక హెచ్చరిక. బయట తిరిగే కచేరీ రికార్డింగులని, సగం పూర్తయిన డెమోలని పూర్తయిన ఆల్బమ్ పాటలతో పోల్చి తీర్పు చెప్పడం సరికాదు. జనం కేరింతలు ఏ పాటనైనా బతికిస్తాయి.

ఆల్బమ్ చివర్లో ‘గుడ్‌బై’ పెట్టడం మీద కూడా గొడవ ఉంది. అది 1998 డిసెంబరులో 1కి వెళ్లిన పాట. మ్యాట్ రోవ్, రిచర్డ్ స్టానర్డ్ చేతుల మీదుగా వచ్చింది, అంటే ‘వానబీ’ నాటి జట్టు. కొత్త ఆల్బమ్ కొనే గట్టి అభిమాని దగ్గర అప్పటికే ఆ సింగిల్ ఉంది. పది కొత్త పాటలు, ఒక పాతది. పైగా అది చివర్లో మోగగానే అప్పటిదాకా విన్నదానికీ దీనికీ ఉన్న దూరం కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ముగింపు పాటగా భావోద్వేగం పరంగా నప్పింది, కానీ మిగతా ఆల్బమ్‌కి మేలు చేయలేదు.

అమెరికా కోసం కట్టి, అమెరికాకి వెళ్లకుండా

జెర్కిన్స్, జామ్, లూయిస్ – ముగ్గురూ అమెరికన్లు, ఆల్బమ్ ధ్వని అమెరికన్ రేడియోని దృష్టిలో పెట్టుకున్నట్టే ఉంటుంది. అక్కడి చార్టులో ఆల్బమ్ 39 దగ్గర ఆగింది. రెండేళ్ల ముందు ‘గుడ్‌బై’ సింగిల్ అక్కడ 11 దాకా వెళ్లింది, కాబట్టి తలుపు పూర్తిగా మూసుకుపోయిందనలేం. అమెరికన్ సింగిల్స్ చార్టులో బ్రిటన్‌లోలా కాదు, రేడియో లెక్క కూడా కలుస్తుంది. అక్కడ రేడియో అంటే వేలాది స్టేషన్లు, ఒక్కోదానికి ఒక్కో కోవ. ఆర్ అండ్ బీ స్టేషన్‌కి వీళ్లు బ్రిటిష్ పాప్ గ్రూపు. పాప్ స్టేషన్‌కి ఇదే ధ్వని డెస్టినీస్ చైల్డ్ దగ్గర ఇంకా తాజాగా దొరుకుతోంది. ఇలాంటప్పుడు దేశమంతా తిరిగి స్టేషన్లకి వెళ్లి కూర్చుంటే తప్ప పని జరగదు. 1997లో వాళ్లు చేసింది అదే. 2000లో అందుకు తీరిక లేదు. ‘హోలర్’ని లండన్‌లో కూర్చుని అమెరికాలో అమ్మడం కుదిరే పని కాదు.

అంకెలతో వాదించేవాళ్లు జారిపడే ఇంకో చోటు ప్లాటినం. ‘ఫరెవర్’కి బ్రిటన్‌లో ప్లాటినం ధ్రువపత్రం ఉంది, అంటే 3 లక్షల కాపీలు. మరి ఫ్లాప్ ఎలా అంటారు? అప్పటి నియమం ప్రకారం ఆ లెక్క కంపెనీ కొట్లకి పంపిన కాపీలది, జనం కొన్న కాపీలది కాదు. స్పైస్ గర్ల్స్ పేరు చూసి కొట్లవాళ్లు ముందే భారీగా తెప్పించుకుంటారు. ‘స్పైస్’ అక్కడ పది ప్లాటినాలు, ‘స్పైస్‌వరల్డ్’ ఐదు. ఆ వరుసలో ఒకటి అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అలాగని దాన్ని శూన్యం అనడం కూడా అతిశయోక్తే. వేరే ఏ గ్రూపుకైనా ఆ సంఖ్య పండగే.

ప్రచారం బాగా జరిగి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకి నా అంచనా ఇది. ‘లెట్ లవ్’ని డిసెంబరుకి దాచి, ఫిబ్రవరిలో ‘ఇఫ్ యూ వానా హ్యావ్ సమ్ ఫన్’, వేసవిలో ‘టెల్ మీ వై’ వదిలి, మధ్యలో ఒక అరీనా పర్యటన చేసి ఉంటే బ్రిటన్‌లో అమ్మకాలు గట్టిగానే పెరిగేవి. ‘స్పైస్‌వరల్డ్’ని అందుకునేది మాత్రం కాదు. 2000 చివరికి శ్రోతే మారిపోయాడు. సుగాబేబ్స్ ‘ఓవర్‌లోడ్’ అప్పుడే వచ్చింది. అందులో అలంకారం లేదు, ముద్దుపేర్లు లేవు. ఆల్ సెయింట్స్ రెండో ఆల్బమ్ కూడా ఆ అక్టోబరులోనే వచ్చింది, కొద్ది నెలల్లో ఆ గ్రూపూ విడిపోయింది. ఒక తరం గాళ్ గ్రూపులన్నీ దాదాపు ఒకే ఋతువులో దుకాణం సర్దుకున్నాయి.

ఇలాంటిదే చాలా ఏళ్లకి అమెరికన్ గాళ్ గ్రూపు ఫిఫ్త్ హార్మనీకి జరిగింది. 2016 డిసెంబరులో కమీలా కబేయో వెళ్లిపోయింది, 2017 ఆగస్టులో మిగతా నలుగురి ఆల్బమ్, 2018 మార్చిలో విరామ ప్రకటన. ఐదుగురు నలుగురవడం, గ్రూపు పేరే పెట్టిన ఆల్బమ్, ఆ తర్వాత సోలో పనులు – వరస చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆ అభిమానులూ ‘ప్రచారం చేయలేదు’ అనే అంటారు. అక్కడ కూడా ముందు చూడాల్సింది సోలో ఒప్పందాల తేదీలు.

అయితే ‘ఫరెవర్’ని గ్రూపే మరిచిపోయిందనే మాట మాత్రం నిజం కాదు. 2007 ‘గ్రేటెస్ట్ హిట్స్’లో ‘హోలర్’, ‘లెట్ లవ్’, ‘గుడ్‌బై’ మూడూ ఉన్నాయి. 2007–08 పునఃకలయిక పర్యటనలో ఈ పాటలు పాడారు. అసలు రికార్డులో లేని జెరీ కూడా వేదిక మీద గొంతు కలిపింది. 2019లో విక్టోరియా లేకుండా చేసిన స్టేడియం కచేరీల్లోనూ అవి ఉన్నాయి. 2000లో జరగని పర్యటన ఇలా వాయిదాల మీద జరిగిందనుకోవచ్చు. రాకుండా పోయింది ఆల్బమ్ మధ్యలోని పాటలే. సింగిల్ కాని పాటకి వేదిక ఎక్కే అవకాశం ఎంత తక్కువో ఇక్కడ తెలుస్తుంది.

ఈ ఆల్బమ్‌ని మొదటిసారి వినబోయేవాళ్లు ట్రాకుల వరుసని పక్కన పెట్టొచ్చు. తొమ్మిదో ట్రాక్ ‘ఇఫ్ యూ వానా హ్యావ్ సమ్ ఫన్’తో మొదలుపెట్టండి. పాత అల్లరికి దగ్గరగా ఉన్నది అదే, గొంతులు కూడా కాస్త విడివిడిగా వినిపిస్తాయి. తర్వాత రెండోది ‘టెల్ మీ వై’. వెళ్లిపోయిన స్నేహితురాలితో తగవులా వినిపిస్తుంది కాబట్టి చాలామంది దీన్ని జెరీ మీద పాటగా చదువుతారు. ఆ పైన ‘వీకెండ్ లవ్’, ‘లెట్ లవ్’. ‘హోలర్’ని హెడ్‌ఫోన్లలో వినండి, కోరస్‌లో గొంతుల పొరలు ఎన్నో లెక్కపెట్టడానికి ప్రయత్నించండి. ‘రైట్ బ్యాక్ ఎట్ యా’ రెండు రూపాలూ దొరికితే ఒకదాని వెనక ఒకటి పెట్టుకోండి, ఏది ముందు వింటే రెండోది ఎలా మారుతుందో చూడండి. ‘గుడ్‌బై’ని మాత్రం మొదటి విడతలో వదిలేయండి. అది ఇంకో ఆల్బమ్‌కి చెందాల్సిన పాట, ఆ ఆల్బమ్ రాలేదు.